ఇరవై మూడు కేకులు

ఓవెన్ గడప దాటి వరండాలోకి వచ్చేసింది.

మోసుకొచ్చింది సుమలత భర్త కొండల్ వాళ్ళ అక్క స్వర్ణలత. పన్నెండేళ్ళుగా మంఖాల్‌లో ఆశా వర్కర్‌గా ఇల్లిల్లూ తిరిగి కాళ్ళూ చేతులూ గట్టిపడిన మనిషి. ప్లగ్గు పీకి, వైరు చుట్టి, ఆ పెట్టెని చంకలో పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చి గచ్చు మీద దించింది. దించి, కొంగుతో మొహం తుడుచుకుంది. తొండుపల్లిలో ఆ సందులో అప్పటికే రెండు తలుపులు తెరుచుకున్నాయి. గొడవలంటే ఆ సందుకి ఓపిక ఎక్కువ.

"వదినా, ఎల్లుండే టీవీల కేకుల పోటీ ఫైనల్," అంది సుమలత.

"ఎల్లుండి లేదు, ఆవలెల్లుండి లేదు. ఇగ ఈ ఇంట్ల కేకన్న మాటే లేదు."

"నా ఓవెన్ అది."

"లోపట పండుకున్నది మా అమ్మ."

లోపల నవారు మంచం మీద కౌసల్యమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మూడు రోజుల కింద వాకిట్లో బట్టలు ఆరేస్తూ కళ్ళు తిరిగి పడిపోయింది. శంషాబాద్ దవాఖానలో వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ నాలుగు వందల పన్నెండు. ఐదేళ్ళుగా గోళీలు వేసుకుంటున్న మనిషికి అంత ఎందుకు ఎక్కిందని డాక్టరు అడిగితే, ఇంట్లో వాళ్ళంతా నేల చూపులు చూశారు. ఈ రోజు పొద్దున్నే ఇంటికి పంపారు.

ఆ అంకె విన్నప్పటి నుంచి స్వర్ణలతకి కంటి మీద కునుకు లేదు. ఊళ్ళో ప్రతి ముసలమ్మ షుగరూ పుస్తకంలో రాసుకునే తాను, సొంత తల్లిది నాలుగు నెలలుగా చూడలేదు. ఆ బాధ ఎవరి మీద పెట్టాలో తెలియక వచ్చింది. వచ్చేసరికి ఎదురుగా ఓవెన్ కనబడింది.

"అంతా ఆ టీవీ ముండమోపి చేసింది," అంది. "తీపి సవాలట! ఎవని మీద సవాల్? నేను షుగర్ మిషన్ వట్టుకొని ఇంటింటికి పోయేదాన్ని, నాకు ఎర్క. ఒకప్పుడు పుట్టినరోజుకు కేకు తెస్తుండె. ఇప్పుడు శనివారమైతే చాలు కేకు. ఎనిమిదింటికి టీవీల క్రీము పూస్తరు, తొమ్మిదింటికి బేకరీ కాడ లైను గడ్తరు. పోరగాండ్లు ఊకుంటలేరక్కా అని తల్లులు నా దగ్గర మొత్తుకుంటున్నరు."

"టీవీ తెచ్చి ఎవరి నోట్లనన్న పెట్టిందా వదినా? చూసుడు వేరే, తినుడు వేరే. క్రికెట్ చూసినోళ్ళంత బ్యాటు వడుతున్నరా?"

"పడ్తలేరా? మ్యాచ్ అయినంక చూడు, గల్లీల నడవనిస్తరా పోరగాండ్లు? గదే గదా నేను చెప్పేది!"

ఎదురింటి రేణుకమ్మ కిసుక్కున నవ్వింది. సుమలత ఆమె వైపు చూసేసరికి ఆవిడ ఎక్కడో ఆకాశంలో దిగుతున్న విమానాన్ని చూడసాగింది.

కొండల్ మాత్రం ఈ లోకంలో లేడు. ఎయిర్‌పోర్టు ట్యాక్సీ నడిపే మనిషి, కారు అద్దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. అరగంట నుంచి అదే అద్దం.

"ఏమయ్యా, నువ్వు ఒక్క మాట మాట్లాడవా?" అంది సుమలత.

కొండల్ గుడ్డ తడిపి పిండాడు. మళ్ళీ తుడిచాడు.

సుమలతకి ఏడుపొచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఆమె విమానాల్లోకి భోజనాలు పంపే ఫ్లైట్ కిచెన్‌లో తీపి విభాగంలో పనిచేస్తోంది. గిన్నెకి నలభై గ్రాముల లెక్కన ఎన్ని లక్షల గిన్నెలు నింపిందో ఆమెకే తెలియదు. ఆ తీపి తిన్నవాళ్ళలో ఒక్కరికీ ఆమె పేరు తెలియదు. పైన తింటారు, మూత పారేస్తారు, దిగిపోతారు. ఆరు వారాల కింద మొదటిసారి టీవీలో "తొండుపల్లి సుమలత" అని అక్షరాలు పడ్డాయి. ఆ అక్షరాలు ఆమె ఫోనులో ఫొటోగా ఉన్నాయి. ఎవరూ చూడనప్పుడు తీసి చూసుకుంటుంది. ఎల్లుండి గెలిస్తే ఆ పేరు ఇక చెరగదని ఆమె ఆశ. అంత ఆశ పెట్టుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా కూడా ఉంది.

"మొత్తం ఇరవై మూడు, అత్తా," అంది కూతురు మనీషా. తొమ్మిదో క్లాసు పిల్ల, గోడ క్యాలెండర్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ప్రాక్టీసు కేకు చేసిన ప్రతి రోజునూ పెన్నుతో చుట్టింది. "ఆరు వారాలకు ఇరవై మూడు కేకులు."

"ఇరవై మూడా!" స్వర్ణలత గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒక్కొక్కటి ఎంతుండె?"

"ఒకటిన్నర కిలో, రెండు కిలోలు," అంది సుమలత మెల్లగా. "టీవీల అడిగేది గంతనే. గదే సైజుల చెయ్యకపోతే చెయ్యి తిరగదు."

"అన్ని యాడికి వోయినయ్?"

మనీషా చెప్పుకుపోయింది. రేణుకమ్మ ఇంటికి ఏడుసార్లు సగం సగం పోయింది. రేణుకమ్మ తలుపు మెల్లగా మూసుకుంది. స్కూలు డబ్బాలో తనకి రోజూ ఒక ముక్క. నాన్న కారులో ఒక డబ్బా, ట్యాక్సీ స్టాండులో డ్రైవర్లకి ఇంకో డబ్బా. మూలింటి ఐదుగురు పిల్లలకి అన్నం బదులు రెండు రాత్రులు కేకే.

"చూసినవా? ఒక్క ఇల్లు గాదు, సందుకు సందే మేసింది. మరి టీవీల అంత పెద్ద కేకు చేస్తరు గదా, అది ఎవలు తింటరు?"

మొదటి రోజు షూటింగ్‌లో చూసిన సంగతి సుమలత ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఇప్పటి దాకా.

"జడ్జీలు ముగ్గురు. మనిషికి ఒక్క చెంచా తింటరు," అంది. "మిగిలింది సెట్టు ఎనకకు వోతది. లైట్ల వేడికి చెడిపోతదని నల్ల సంచుల ఏస్తరు. నేను చూసిన వదినా. పన్నెండు మందిమి చేసినం ఆ దినం. పన్నెండు కేకులు సంచులల్ల పడ్డయ్. నా ఇంట్ల మాత్రం ఒక్క తుంట గూడ పారెయ్యనని ఆ దినమే అనుకున్న."

తినేది పారెయ్యడమన్న మాట ఆ ఇంట్లోనే కాదు, ఆ సందులో ఏ ఇంట్లోనూ మింగుడుపడే మాట కాదు.

"దాన్నేమనకు స్వర్ణా."

గోడ పట్టుకుని కౌసల్యమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కొండల్ గుడ్డ వదిలేసి పరుగెత్తాడు.

"నాకెవ్వలు పెట్టలే. సుమ అయితే డబ్బా మీద రాసి పెట్టింది, అత్తమ్మకు వద్దని. నేనే తిన్న."

"ఎప్పుడు తిన్నవమ్మా? ఎంత తిన్నవ్?"

"దినాం పొద్దున్న. కేకు సమానం ఉండాలె అని అంచులు కోసి పక్కకు పెడ్తది గదా. ఆ అంచులు ఎవ్వలు తినరు. ఆరు దాటకముందే చాయ్ పెట్టుకొని, అండ్ల ముంచుకొని తిన్న. పారేసుడు నాతోని కాలే బిడ్డా. మా అమ్మగారింట్ల గోధుమ పిండి పండుగకే సూసేది. గంత వెన్న, గన్ని గుడ్లు పోసి చేసినదాన్ని కుక్కకు ఎయ్యాల్నా?" ఆగి, చిన్నగా అంది. "మంచిగ గూడ ఉండె."

నవ్వాలో ఏడవాలో తెలియక మనీషా క్యాలెండర్ వెనక మొహం దాచుకుంది.

సుమలత క్యాలెండర్ మీది చుట్టల్ని చూసింది. ఇరవై మూడు కేకుల అంచులు. ఒక్కొక్కదానికి పావుకిలో ఉంటాయి. తన చేత్తో కోసి, తన చేత్తో పళ్ళెంలో పెట్టి నిద్రపోయింది.

ఇంకో సంగతి ఆమెని ఎక్కువ కోసింది. ఫ్లైట్ కిచెన్ తలుపు పక్కన ఒక తెల్ల బోర్డు ఉంటుంది. ఏ విమానంలో ఎంతమంది ఎక్కుతున్నారో దాని మీద రాస్తారు. ఆ అంకె పడేదాకా లోపల ఒక్క గరిటె కదలదు. తొమ్మిదేళ్ళలో ఆ అంకె చూడకుండా ఆమె ఒక్క గిన్నె నింపలేదు. తన ఇంట్లో మాత్రం తినేది నలుగురైతే, అందులో ఒకరికి షుగరైతే, ఇరవై మూడుసార్లు రెండేసి కిలోలు కాల్చింది.

"వదినా," అంది. "నువ్వన్నదాంట్ల సగం నిజం."

"ఏ సగం?"

"పెద్దగ చేసుడు టీవీ నేర్పింది. ఎంతమందికి అని అడుగుడు అండ్ల లేదు. అది చూసి నేను గూడ అడుగుడు మర్షిపోయిన. నాకు తెల్సిన పనే, నేనే మర్షిన. అత్తమ్మా, తప్పు నాది."

"మరి ఇంకో సగం?"

"కేకు తప్పు గాదు. అది ఎల్లుండి చూపిస్త."

"ఎల్లుండి పోయేదెవలు?" స్వర్ణలత గొంతు మళ్ళీ లేచింది. "ఇది ఈణ్ణే ఉంటది. దీని మీద చెయ్యి పడొద్దు."

"ఉండనియ్యి. నేను ప్రాక్టీసు చెయ్య. ఒట్టి చేతులతోని పోత."

"పోనియ్యి స్వర్ణా," అంది కౌసల్యమ్మ. "నేను గూడ పోవాలె. ఇంట్లోళ్ళు ఇద్దరు రావాల్నని టీవీవోళ్ళు చెప్పిన్రు. కూసోనీకి డాక్టరు వద్దనలే."

"నేనొప్పుకోను. నిన్ను అక్కడ ఎవలు చూస్తరు?"

అప్పుడు కొండల్ నోరు తెరిచాడు. గంటసేపటి గొడవలో అతను మాట్లాడిన మొదటి మాట అదే.

"నా జాగల అక్క వస్తది. కారు నేను నడుపుత."

స్వర్ణలత తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. ఆరేసిన దుప్పటి ఒకటి లాగి ఓవెన్ మీద కప్పింది.

*

సాతంరాయి దాటాక బెంగుళూరు రోడ్డు పక్కన ఒక పెద్ద రేకుల గోడౌనే 'తీపి సవాల్' సెట్టు. లోపల రాజమహల్, బయట రేకులు. ఐదు నిమిషాలకో విమానం తల మీద నుంచి పోతే "ఆగండి!" అని అరిచేవారు. అందరూ బొమ్మల్లా ఆగి, చప్పుడు పోయాక మళ్ళీ కదిలేవారు. కౌసల్యమ్మకి ఆ ఆట బాగా నచ్చింది. ముందు వరసలో కూతురి పక్కన కూర్చుని, విమానం వచ్చినప్పుడల్లా తానూ ఊపిరి బిగబట్టింది.

ఫైనల్లో ఇద్దరే. సుమలత, సరూర్‌నగర్‌లో బేకరీ ఉన్న ఉపేందర్.

యాంకర్ శ్రావణ్‌కుమార్ చేతులు చాచి ప్రకటించాడు. "ఈరోజు మీ సవాలు, పండుగ కేకు! మూడు గంటల సమయం. ఎంత పెద్దగా ఉంటే అంత పండుగ! మొదలుపెట్టండి!"

ఉపేందర్ ఐదంతస్తులకి గిన్నెలు దించాడు. సుమలత కదలలేదు. చెయ్యెత్తింది.

"ఎంతమందికి సార్?"

"అంటే?"

"కేకు ఎంతమంది తింటరు?"

శ్రావణ్‌కుమార్ నవ్వాడు. కెమెరాల వెనక కూడా నవ్వారు. "ముగ్గురు జడ్జీలున్నారు కదండీ."

"మరి మీరు? ఆ లైట్లోళ్ళు? మా ఇంట్లోళ్ళు, అన్న ఇంట్లోళ్ళు? వీళ్ళందరి ముంగట చేసి ముగ్గురికే పెడ్తే అది పండుగెట్లయితది?"

అతను జడ్జీల వైపు చూశాడు. ముగ్గురిలో పెద్దావిడ రుక్మిణమ్మ, ముప్పై ఏళ్ళుగా వంటల కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, కళ్ళజోడు సర్దుకుని అంది. "అడగనివ్వండి. టైము ఆవిడది."

సుమలత ఏప్రన్ జేబులోంచి పెన్ను తీసి బయల్దేరింది. కెమెరాలు పట్టుకున్నవాళ్ళు, లైట్లవాళ్ళు, మేకప్ అమ్మాయిలు, ఊడ్చేవాళ్ళు, ఒక్కొక్కరి దగ్గరా ఆగి రెండే ప్రశ్నలు అడిగింది. తింటరా? షుగరుందా? గడియారం పరుగెడుతోంది. ఉపేందర్ మొదటి అంతస్తు ఓవెన్లోకి పోయింది. స్వర్ణలత కుర్చీ అంచుకి జరిగి గోళ్ళు కొరుక్కుంటోంది. ఈ పోటీ పాడుగాను అని వచ్చిన మనిషి, "జల్ది సుమా, జల్ది!" అని అరిచేసి, తానే ఉలిక్కిపడి నోరు మూసుకుంది.

రుక్మిణమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి గుసగుసగా చెప్పింది. "నాకూ ఉందమ్మా. పన్నెండేళ్ళుగా. అందుకే ఒక్క చెంచా మించను. ఎవరితోనూ అనకు."

సుమలత తల ఊపింది. ఇరవై నిమిషాలు పోయాయి. చేతిలో కాగితం మీద అంకె ఉంది. మొత్తం యాభైమంది. షుగరున్నవాళ్ళు తొమ్మిదిమంది. తినేవాళ్ళు నలభై ఒక్కరు.

ఆ అంకె చూసుకున్నాక ఆమె భయం పోయింది. ఇక అక్కడున్నది తొమ్మిదేళ్ళు ఫ్లైట్ కిచెన్‌లో పనిచేసిన సుమలత. తూకం చూడకముందే చెయ్యి గ్రాములు చెబుతోంది. నలభై ఒక్క ముక్కలకి సరిపడా వెన్న, మైదా, చక్కెర, గుడ్లు. నువ్వులు వేయించి పొడి చేసి పిండిలో కలిపింది. అది పళ్ళెమంత పలచగా కాలింది. సీతాఫలాల గింజలు తీసి గుజ్జు గిన్నెలోకి దించింది.

"దాన్ని కాల్చవా?" అని అడిగాడు పక్క బల్ల నుంచి ఉపేందర్, నాలుగో అంతస్తు నిలబెడుతూ.

"సీతాఫలం ఉడికితే చేదయితది అన్నా. పచ్చిదే క్రీముల కలుపుత."

షుగరున్నవాళ్ళకి ఉత్త చేతులు చూపించడం ఆమెకి మనసొప్పలేదు. జామకాయలు కోసి, ఉప్పూ కారం చల్లి, వేయించిన పల్లీలతో తొమ్మిది పళ్ళేలు వేరే పెట్టింది.

సమయం అయిపోయేసరికి ఉపేందర్ బల్ల మీద ఐదంతస్తుల బంగారు రంగు కేకు, గోపురంలా, చూస్తే కళ్ళు తిప్పుకోలేనంత అందంగా ఉంది. సుమలత బల్ల మీద అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దవి, నలభై ఒక్క ముక్కలున్నాయి. అంచులు కోసింది కానీ, ఆ అంచుల్ని పొడి చేసి మళ్ళీ ముక్కల మీదే చల్లేసింది. గిన్నెలో, కత్తి మీద, బల్ల మీద ఏమీ మిగల్లేదు.

"ఇది... కొంచెం చిన్నగా లేదూ?" అన్నాడు ఒక జడ్జి. "మీది ఆరోగ్యకరమైన కేకా? చిరుధాన్యాలూ అవీ వేశారా?"

"లేదు సార్. మైదానే, చక్కెరే, వెన్ననే. ఇది మందు గాదు, కేకే. అందుకే గింతే."

రుక్మిణమ్మ పక్క జడ్జి ముక్కలోంచి ఒక్క చెంచా తీసుకుంది. కళ్ళు మూసుకుంది. ఆవిడ చాలాసేపు కళ్ళు తెరవలేదు. పైన విమానం వచ్చింది, పోయింది. ఆగండి అనడం కూడా అందరూ మర్చిపోయారు.

ఈలోగా సుమలత పళ్ళేలు పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్ళింది. లైట్లవాళ్ళు తిన్నారు. శ్రావణ్‌కుమార్ తిని వేళ్ళు నాకబోయి కెమెరా గుర్తొచ్చి ఆగాడు. ఊడ్చే ఐలయ్య రెండు చేతులా పళ్ళెం అందుకున్నాడు. ఆ సెట్టు మొదలైనప్పటి నుంచి నల్ల సంచులు మోసేది ఆయనే.

"తల్లీ, గీ కేకులు నేను మోసుడే గాని, రుచి ఎట్లుంటదో ఇయ్యాలనే తెల్సింది," అన్నాడు.

అది విన్న ఉపేందర్ మొహం దించుకున్నాడు. అతని గోపురంలో ముగ్గురు తీసిన మూడు చెంచాల గుంటలు తప్ప మిగతాదంతా నిలబడే ఉంది.

ఫలితం చెప్పేటప్పుడు డోలు మోగించారు, లైట్లు ఆర్పారు, వెలిగించారు. సుమలతకి అవేవీ వినబడలేదు, కనబడలేదు. తన పేరు మాత్రం వినబడింది. ముగ్గురు జడ్జీలూ ఒకే పేరు రాశారు. పై నుంచి కాగితం పువ్వులు రాలాయి. స్వర్ణలత కుర్చీ మీదెక్కి ఈల వేసింది. మంఖాల్ ఆశా వర్కర్‌కి ఈల వచ్చని ఆ రోజే లోకానికి తెలిసింది. కౌసల్యమ్మ కళ్ళు తుడుచుకుంటూ పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆవిడతో "మా కోడలు, మా కోడలు" అని చెబుతూనే ఉంది. సుమలత కప్పు ఎత్తి పట్టుకుంది. ఎంత సంతోషమంటే, ఆ బరువు కూడా చేతికి తెలియలేదు.

"ఇప్పుడు మన సంప్రదాయం!" అన్నాడు శ్రావణ్‌కుమార్. "విజేత తన అత్తగారికి స్వయంగా తినిపిస్తారు!"

బండి మీద స్పాన్సర్ వాళ్ళ కేకు వచ్చింది. మూడంతస్తులు, గులాబీ క్రీము. కౌసల్యమ్మని స్టేజీ ఎక్కించారు. అరచేతి మందాన కోసిన ముక్కని చెంచాతో సహా సుమలత చేతిలో పెట్టారు. కెమెరాలు దగ్గరికి వచ్చాయి. లైట్ల వెలుగులో కౌసల్యమ్మ కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడి, ఎవరేం చెబితే అది చేసే తీరులో నోరు తెరిచింది.

ముందు వరసలో స్వర్ణలత లేచి నిలబడింది.

సుమలత చెంచా సగం దాకా ఎత్తింది. ఆగింది.

"పెట్టను," అంది.

"అండీ?"

"మా అత్తమ్మకు షుగర్. ఐదు దినాల కింద నాలుగొందల పన్నెండు ఉండె. దవాఖానల పడ్డది. నేను ఈ పోటీకి ప్రాక్టీసు చేసిన కేకుల అంచులు తిని పడ్డది. నేను పెట్టను."

"కట్!" నిర్మాత మల్లేశ్వర్ చీకట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది? ఈ మాటలు వెయ్యలేం. తినిపించినట్టు చెయ్యండి చాలు, నోటి దాకా పెట్టి తీసేయండి. ఆవిడ తినక్కర్లేదు."

"చూసేటోళ్ళకు తిన్నట్టే ఉంటది గద సార్. శనివారం ఇది చూసి ఎంతమంది కోడండ్లు అత్తలకు పెడ్తరో?"

"అగ్రిమెంటులో ఉంది, చివరి షాట్ విజేత చెయ్యాలని. ఈ షాట్ లేకపోతే ఎపిసోడ్ లేదు. ఎపిసోడ్ లేకపోతే మీరు గెలిచినట్టు బయట ఎవరికీ తెలియదు. ఆలోచించుకోండి."

సుమలత చేతిలో కప్పు ఇప్పుడు బరువెక్కింది. తన పేరు టీవీలో పడటం కోసమే కదా ఇంత దూరం వచ్చింది. ఒక్క చెంచా. నోటి దాకా పెట్టి తీసేస్తే చాలట. ఆమె కౌసల్యమ్మ మొహం చూసింది. కప్పు తీసుకెళ్ళి గులాబీ కేకు పక్కన బల్ల మీద పెట్టేసింది. చెంచా కూడా అక్కడే పెట్టింది.

"మీ ఇష్టం సార్."

మల్లేశ్వర్ చెంచా వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

"నాకూ షుగర్ ఉంది మల్లేశ్వర్," అంది రుక్మిణమ్మ జడ్జీల బల్ల వెనక నుంచి. ఈసారి మైకు మీద చెయ్యి లేదు. "పన్నెండేళ్ళుగా ఒక్క చెంచా తిని, అద్భుతం అని చెప్పి, పళ్ళెం పక్కకు జరుపుతున్నాను. నేనెందుకు ఆపుతున్నానో చూసేవాళ్ళకి ఏనాడూ చెప్పలేదు. ఈ అమ్మాయి మాట తీసేస్తే నా మాట కూడా తీసెయ్యాలి. నా కుర్చీ కూడా."

స్వర్ణలత అప్పటికే స్టేజీ మీద ఉంది. ఎవరు పిలిచారని అడిగే ధైర్యం ఎవరికీ కలగలేదు. బల్ల మీది కప్పు అందుకుని, తెచ్చి మరదలి చేతిలో గట్టిగా పెట్టింది.

"దీన్ని ఎందుకు ఇడిశినవే? గెలిచింది నువ్వు," అంది. "రేపు గాదు, ఇయ్యాలనే పోయి ఓవెన్ నేనే లోపట పెడ్త. మాట పడ్డవు నా చేత. మనసుల పెట్టుకోకు."

సుమలత ఆమెని రెండు చేతులా పట్టుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపులో దాచిపెట్టుకున్నది ఏమీ లేదు.

మల్లేశ్వర్ దూరంగా పోయి ఫోనులో మాట్లాడాడు. చాలాసేపు తల ఊపాడు. తిరిగి వచ్చినప్పుడు అతని మొహంలో ఏముందో పోల్చుకోవడం కష్టమైంది. ఫోను చాచి పట్టుకున్నాడు.

"ఛానెల్ ఓనర్ గారు. షూటింగ్ మొత్తం ఆఫీసులో తెర మీద చూశారట. మాట్లాడతారట," అన్నాడు.

సుమలత చెయ్యి చాచింది.

"మీతో కాదు. అత్తగారితో."

కౌసల్యమ్మ ఫోను అటూ ఇటూ తిప్పి చెవికి పెట్టుకుంది. విన్నది. ఇంకా విన్నది. ఒకసారి కోడలి వైపు, ఒకసారి కూతురి వైపు చూసింది. నుదురు ముడిపడింది, విడింది. దవాఖాన నుంచి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"ఆగు సారూ, ఆగు," అంది గట్టిగా, గోడౌన్ అంతా వినబడేలా. "కెమెరా ముంగట నా షుగర్ సంగతి నన్నే చెప్పమంటున్నవ్, అది నేనొప్పుకుంటనా లేదా అన్నది ఎనక మాట. ముందుగాల నా కోడలు గెలిచిందని నీ నోటితోని చెప్పు. నాకు గాదు, దానికే చెప్పు."

ఫోను తీసి, ఇంకా కన్నీళ్ళు ఆరని సుమలత చెవికి తానే ఆనించింది.